కలమునకందని పీఠము: హోరేస్ గ్రీలీ జీవితము

కలము పట్టినవానికి సహజముగ రెండు కోరికలు కలుగుచుండును. తాను వ్రాసినది పదిమంది చదువవలెననునది మొదటిది. తాను వ్రాసిన ప్రకారము రాజ్యము నడువవలెననునది రెండవది. మొదటి కోరిక తీరినవారు లోకమున పెక్కుమంది కలరు. రెండవ కోరిక తీర్చుకొనుటకై తామే పీఠమెక్కజూచినవారు కొలదిమంది మాత్రమే. అట్టివారిలో పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికా పత్రికా సంపాదకుడు హోరేస్ గ్రీలీ అగ్రగణ్యుడు. ముప్పది యేండ్లకు పైగా న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికను నడిపి, దేశాధ్యక్షులను నిలువదీసి ప్రశ్నించి, తుదకు తానే అధ్యక్ష పదవికి పోటీచేసి, ఓడిపోయి, ఎన్నిక జరిగిన 24 దినములకే ఆయన కన్నుమూసెను.

దస్త్రముల నడుమ జీవితము గడుపు మనవంటివారికి ఈ చరిత్ర ప్రత్యేకముగ ఆలోచింపదగినది. దస్త్రముపై అభిప్రాయము వ్రాయువాడొకడు. దాని క్రింద ఉత్తరువుపై సంతకము చేయువాడు మరియొకడు. ఈ రెంటికిని నడుమనున్న దూరము జానెడే అనిపించును. అది ఎంత దూరమో గ్రీలీ తన జీవితమంతయు వెచ్చించి తెలిసికొనెను.

ఆయన 1811 ఫిబ్రవరి 3వ తేదీన న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున ఆమ్‌హర్స్ట్ సమీపమున నొక పేద రైతు కుటుంబమున జన్మించెను. రాళ్లు నిండిన నేల, పెరుగుచున్న అప్పు, ఈ రెంటితో తండ్రి చాలకాలము పెనగులాడెను. బాలునకు పదియేండ్లు నిండునప్పటికి పొలము, ఇల్లు అప్పులవారి పాలయ్యెను. కుటుంబము వెర్మాంట్ రాష్ట్రమునకు తరలిపోయి కూలిపని మీద బ్రదుకవలసివచ్చెను. బాలుడు మాత్రము దొరికిన ప్రతి పుస్తకమును చదువుచుండెను. అతని తెలివికి మెచ్చి ఊరిపెద్దలు తమ ఖర్చుతో మంచి విద్యాలయమునకు పంపెదమనిరి. పరుల సొమ్ముతో చదివించుటకు తలిదండ్రులు అంగీకరింపలేదు. కావున ఆయనకు లభించిన విద్యాలయము అచ్చుకూటమొక్కటియే.

పదునైదవ యేట, 1826లో, ఈస్ట్ పౌల్ట్‌నీ అను గ్రామమున వెలువడు నొక చిన్న వారపత్రికలో ఆయన పని నేర్చుకొనుటకు చేరెను. అక్షరములు కూర్చుట, యంత్రము త్రిప్పుట, వార్తలు కుదించుట అన్నియు అచ్చటనే నేర్చెను. 1830లో ఆ పత్రిక మూతపడెను. మరుసటి సంవత్సరము ఆగస్టు నెలలో, ఇరువదియేండ్ల ప్రాయమున, చిన్న బట్టల మూటతో, చేతిలో కొద్ది డాలర్లతో ఆయన న్యూయార్క్ నగరమున అడుగుపెట్టెను. పొడవైన సన్నని రూపము, పొట్టి లాగు, పల్లెటూరి వేషము చూచి అచ్చుకూటములవారు పనియిచ్చుటకు వెనుదీసిరి. తుదకొకచోట పని దొరకెను. అది అతి చిన్న అక్షరములతో ఇరుకైన వరుసలలో క్రైస్తవుల క్రొత్త నిబంధనను కూర్చవలసిన పని. తక్కినవారు విసిగి విడిచిన పనిని ఈ పల్లెటూరివాడు పట్టుదలతో సాగించెను.

1834లో ఆయన న్యూయార్కర్ అను సాహిత్య వారపత్రికను స్థాపించెను. చందాదారులు చేరిరి, చందాలు మాత్రము సరిగా చేరలేదు. 1837లో దేశమంతటను ఆర్థిక సంక్షోభము వ్యాపించి, నగరమున వేలకొలది పనివారు వీధిపాలైరి. ఆ దృశ్యమును కన్నులార చూచుటవలననే పేదల బ్రదుకు తెరువును గూర్చిన చింత ఆయన వ్రాతలలో తుదివరకు నిలిచిపోయెను.

1838లో ఆల్బనీ నగరమునుండి థర్లో వీడ్ అను రాజకీయ దురంధరుడు ఆయనను వెదకికొనుచు వచ్చెను. అప్పటి విగ్ పక్షమునకు న్యూయార్క్ రాష్ట్రమున సూత్రధారి ఆయనయే. పక్ష ప్రచారమునకొక పత్రిక నడుపుమని వీడ్ కోరగా గ్రీలీ ఒప్పుకొనెను. వీడ్, ఆయన మిత్రుడు విలియం సెవర్డ్, గ్రీలీ, ఈ ముగ్గురికిని అట్లు కూటమి కుదిరెను. వీడ్ మంత్రాంగము నడుపును, సెవర్డ్ పదవులలో కూర్చుండును, గ్రీలీ వ్రాయును. 1840 అధ్యక్ష ఎన్నికలో విగ్ అభ్యర్థి హారిసన్ గెలుపునకు గ్రీలీ నడిపిన లాగ్ కాబిన్ అను ప్రచార పత్రిక ఎంతగానో తోడ్పడెను. దాని ప్రతులు ఎనుబదివేల వరకు పోయెను.

అనంతరము 1841 ఏప్రిల్ 10వ తేదీన న్యూయార్క్ ట్రిబ్యూన్ దినపత్రిక పుట్టెను. పదవి స్వీకరించిన నెలకే మరణించిన హారిసన్‌కు నగరము సంతాపము తెలుపుచున్న దినమది. మంచు కలిసిన వాన, విచారముతో నిండిన వీధులు. పత్రిక వెల ఒక సెంటు. అచ్చువేసిన ప్రతులలో అమ్ముడుపోని వానిని ఊరక పంచిపెట్టుటయే కష్టమయ్యెను. అయినను పత్రిక నిలద్రొక్కుకొనెను. థామస్ మెకెల్రాత్ వ్యాపార భాగస్వామిగా చేరి లెక్కలు చూచుకొనగా, గ్రీలీ వ్రాతకే అంకితమయ్యెను.

చవుక పత్రికలన్నియు నేరముల కథలతో, అపవాదులతో పాఠకులనాకర్షించుచున్న కాలమది. గ్రీలీ ఆ దారి త్రొక్కలేదు. సమర్థులను చేరదీయుట ఆయనకున్న గొప్ప గుణము. తరువాత 1851లో న్యూయార్క్ టైమ్స్ పత్రికను స్థాపించిన హెన్రీ రేమండ్ మొదట ఆయన సహాయకుడే. మార్గరెట్ ఫుల్లర్ అను విదుషీమణిని 1844లో సాహిత్య విమర్శకురాలిగా నియమించెను. స్త్రీకి అట్టి స్థానమిచ్చుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. ట్రిబ్యూన్ వారపత్రిక అమెరికా పల్లెలన్నిటికిని పోవుచుండెను. 1860 నాటికి దాని ప్రతులు రెండు లక్షలకు చేరినవి. ఒక్కొక్క ప్రతిని ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగువారును చదువుదురు కనుక పాఠకుల సంఖ్య అంతకు ఎన్నియో రెట్లు.

ఈ పత్రికతో మన దేశమునకొక సంబంధము కలదు. లండన్‌లో దారిద్ర్యముతో దినములు గడుపుచున్న కార్ల్ మార్క్స్ 1851 మొదలు 1862 వరకు ట్రిబ్యూన్‌కు విలేఖరిగా నుండెను. ఆయనను కుదిర్చినవాడు గ్రీలీ క్రింద సంపాదక వర్గమును నడిపిన చార్లెస్ డానా. 1853లో ఈస్టిండియా కంపెనీ పరిపాలనను గూర్చి బ్రిటిషు పార్లమెంటులో చర్చలు జరుగుచుండగా మార్క్స్ వ్రాసిన వ్యాసములు ఈ పత్రికలోనే వెలువడెను. మన గ్రామ వ్యవస్థ, చేనేత వృత్తి నాశనము, కాలువలను చెరువులను పట్టించుకొనని కంపెనీ ఉదాసీనత, రాబోవు రైలుమార్గముల ఫలితములు అందులో చర్చింపబడెను. 1857 నాటి తిరుగుబాటును గూర్చిన వ్యాసములును ఇందులోనే అచ్చయ్యెను. మన పూర్వులు కంపెనీ పాలనలో పడిన బాధలను అమెరికాలోని రైతు ఒక సెంటో రెండు సెంట్లో ఇచ్చి చదివినాడన్నమాట.

గ్రీలీ మద్యము ముట్టడు; పొగాకు ముట్టడు. చాలకాలము మాంసమును విసర్జించెను. పాతబడిన తెల్లని కోటు, వెడల్పు టోపీ, గడ్డము క్రింద చుట్టుకొన్న వెంట్రుకలు, ఇదియే ఆయన వేషము. ఆయన దస్తూరిని చదువగలవారు అచ్చుకూటమున ఇద్దరు ముగ్గురు మాత్రమేయని చెప్పుకొనెడివారు. 1850లో నగరపు అచ్చుపనివారు సంఘమేర్పరచుకొనగా యజమానియైన గ్రీలీనే తొలి అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. పశ్చిమ ప్రాంతములలోని ప్రభుత్వ భూమిని భూమిలేని పేదలకు ఉచితముగ పంచవలెనని, నగరములలో మ్రగ్గు యువకులు అచటికి పోయి బాగుపడవలెనని యేండ్ల తరబడి వ్రాసెను. ఆ భూమి చట్టము 1862లో వచ్చెను. అన్నిటిని మించి, బానిసత్వము విస్తరింపకుండ ఆయన చేసిన కలము పోరాటము ఉత్తర రాష్ట్రముల ప్రజల మనస్సును మలచెను.

గృహ జీవితమున మాత్రము ఆయనకు సుఖము తక్కువ. 1836లో మేరీ చేనీ అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. ఏడుగురు సంతానములో ఇద్దరు కుమార్తెలు మాత్రమే మిగిలిరి. ప్రాణాధికముగ పెంచుకొన్న కుమారుడు ఐదేండ్ల ప్రాయమున 1849లో కలరాకు బలియయ్యెను. ఆ దుఃఖమునుండి భార్య మరల కోలుకొనలేదు. గ్రీలీ తన దుఃఖమును పనిలో ముంచుకొనెను.

ఇన్ని యుండియు ఆయన మనస్సులో పదవీకాంక్ష అణగలేదు. 1848 డిసెంబరులో, ఖాళీపడిన యొక స్థానమున మూడు నెలల కాలమునకు ఆయన అమెరికా ప్రతినిధి సభ సభ్యుడయ్యెను. ఆ మూడు నెలలలో ఆయన చేసిన ఘనకార్యము సభ్యుల ప్రయాణ భత్యపు లెక్కలు తీయుట! సభ్యులకు 20 మైళ్లకు 8 డాలర్ల చొప్పున భత్యముండెను. చట్టమున దగ్గర దారియని గాక, వాడుకలోనున్న దారియని యుండుటచే పలువురు చుట్టుదారుల లెక్క వేసి సొమ్ము తీసికొనుచుండిరి. గ్రీలీ తపాలా మార్గముల పట్టిక తెప్పించి, దగ్గర దారి మైళ్లెన్ని, వసూలు చేసిన మైళ్లెన్ని, అధికముగ పుచ్చుకొన్న సొమ్మెంత అని ఒక్కొక్క సభ్యుని పేరు వరుసగ ట్రిబ్యూన్‌లో ప్రకటించెను. అప్పుడు ఇల్లినాయి ప్రతినిధిగా నున్న అబ్రహాం లింకన్ పేరు సైతము ఆ పట్టికలో చేరెను. ప్రయాణ భత్యపు బిల్లులతో పరిచయమున్న పాఠకులకు ఆ సభలో రేగిన కలకలమును వేరుగా వర్ణింపనక్కరలేదు. లెక్క సరియే, కాని దానితో సభలో ఆయనకు మిత్రుడనువాడు మిగులలేదు. నలుగురిని ఒప్పించి చట్టమును మార్పించుటకు కావలసిన ఓర్పు ఆయనకు లేకపోయెను.

1854లో రాష్ట్ర గవర్నరు పదవి తనకు దక్కునని ఆయన ఆశించెను. వీడ్ ఒప్పుకొనలేదు. పైగా ఉపగవర్నరు పదవి ఒకప్పటి తన సహాయకుడును ఇప్పటి ప్రత్యర్థియునైన రేమండ్‌కు దక్కెను. గాయపడిన గ్రీలీ ఆ నవంబరులో సెవర్డ్‌కు దీర్ఘమైన లేఖ వ్రాసెను. ఇంతకాలము తాను చేసిన సేవయెంత, ఇతరులకు పంచిన పదవులెన్ని, తనకు దక్కినదేమి యని లెక్క చెప్పి, ముగ్గురి పొత్తు రద్దయినట్లు తెలిపెను. 1860లో రిపబ్లికన్ పక్ష మహాసభ షికాగోలో జరుగగా, తన రాష్ట్రమున ప్రతినిధిత్వము దొరకక, దూరముననున్న ఆరెగాన్ తరఫున హాజరై, సెవర్డ్ అభ్యర్థిత్వమునకు అడ్డుపడెను. ఆయన బలపరచినది మిస్సోరీ రాష్ట్రమునకు చెందిన ఎడ్వర్డ్ బేట్స్‌ను, నెగ్గినది లింకన్. మరుసటి సంవత్సరము సెనేటు స్థానమునకై గ్రీలీ నిలువగా వీడ్ వర్గము తన ఓట్లను మరియొకరికి మరల్చి పగదీర్చుకొనెను.

అంతర్యుద్ధ కాలమున ఆయన కలము బలమును, బలహీనతయు రెండును బయలుపడెను. దక్షిణ రాష్ట్రములు నిజముగ విడిపోగోరినచో పోనిమ్మని మొదట వ్రాసెను. యుద్ధమారంభమైన పిదప, సైన్యము వెంటనే రిచ్మండ్ నగరముపై నడువవలెనని ఆయన పత్రిక దినదినము పెద్ద అక్షరములతో ఘోషించెను. అనుభవము చాలని సేన 1861 జూలై 21న బుల్ రన్ వద్ద ఓడి పరుగెత్తెను. లోకము ట్రిబ్యూన్‌ను నిందించెను. గ్రీలీ కృంగిపోయి మంచము పట్టెను. ఆ ఘోష ఆయన స్వయముగ వ్రాసినది కాదు. అయినను పత్రిక ఆయనది కనుక నింద ఆయనదే అయ్యెను.

1862 ఆగస్టు 20న ఆయన లింకన్ పేర బహిరంగ లేఖ ప్రకటించెను. రెండు కోట్ల ఉత్తర రాష్ట్ర ప్రజల విన్నపముగ దానికి పేరుపెట్టి, బానిసల విముక్తి విషయమున అధ్యక్షుడు తాత్సారము చేయుచున్నాడని తీవ్రముగ ఆక్షేపించెను. లింకన్ రెండు దినములలో బదులు వ్రాసెను. దేశ సమైక్యమును కాపాడుటయే తన ప్రథమ కర్తవ్యమనియు, బానిసల విషయమున తాను చేయునదియు మానునదియు ఆ కర్తవ్యమును బట్టియే యుండుననియు దాని సారాంశము. గ్రీలీకి తెలియని విషయమొకటి కలదు. విముక్తి ప్రకటన ముసాయిదాను అంతకు నెల ముందే, జూలై 22న, లింకన్ తన మంత్రుల యెదుట చదివి వినిపించియుండెను. ఓటముల నడుమ ప్రకటించినచో అది నిస్సహాయుని కేకవలె వినబడుననియు, ఒక విజయము లభించువరకు ఆగుట మేలనియు సలహా చెప్పినవాడు మంత్రియైన సెవర్డ్! కాగితము సొరుగులోనున్నది, తరుణము రాలేదు. ఆంటీటమ్ యుద్ధము ముగిసిన పిదప సెప్టెంబరు 22న తొలి ప్రకటన వెలువడెను. 1863 జనవరి 1న అది అమలులోనికి వచ్చెను.

ఈ ఘట్టమున ఎవరిది ఒప్పు? గ్రీలీ కోరినది న్యాయము. లింకన్ ఆగినదియు న్యాయముకొరకే. గ్రీలీ వంటివారు ప్రజల మనస్సును సిద్ధము చేయకున్నచో లింకన్ కాగితము సొరుగులోనే ఉండిపోయెడిదేమో. తరుణమెరుగని చేతిలో అదే కాగితము వ్యర్థమయ్యెడిదేమో. కలమునకు నేడు అనునదే కాలము. పీఠమునకు రేపటి లెక్కయు కావలెను.

1863 జూలైలో నిర్బంధ సైనిక సేవకు వ్యతిరేకముగ న్యూయార్క్‌లో అల్లరులు చెలరేగి, గుంపులు ట్రిబ్యూన్ కార్యాలయముపై పడెను. గ్రీలీ జంకలేదు. 1864లో శత్రుపక్ష దూతలు నయాగరా వద్ద సంధికి సిద్ధముగనున్నారని నమ్మి, వారితో మాటలాడుమని లింకన్‌ను ఒత్తిడిచేసెను. లింకన్ యుక్తిగ ఆ పనికి గ్రీలీనే పంపెను. తీరా పోయి చూడగా ఆ దూతలకు సంధిచేయు అధికారమే లేదు. సలహా ఇచ్చుట సులభము, దానిని నెరవేర్చుట కష్టమని ఆయన నయాగరా తీరమున చవిచూచెను.

యుద్ధము ముగిసిన పిదప ఆయన చేసిన కార్యము మాత్రము ఆయన జీవితమునకెల్ల తలమానికమైనది. దక్షిణ పక్షమునకు అధ్యక్షుడుగ నుండిన జెఫర్సన్ డేవిస్ రెండేండ్లుగ విచారణలేక నిర్బంధమున నుండెను. విచారణ జరుపుడు, లేదా విడువుడు అని గ్రీలీ వాదించెను. 1867 మే నెలలో రిచ్మండ్ న్యాయస్థానమునకు స్వయముగ పోయి, లక్ష డాలర్ల జామీను పత్రముపై సంతకము చేసినవారిలో ఒకడయ్యెను. ఉత్తర రాష్ట్రములు మండిపడెను. వేలమంది చందాలు మానుకొనిరి. ఆయన రచించిన అంతర్యుద్ధ చరిత్ర అమ్మకము దాదాపు నిలిచిపోయెను. తాను సభ్యుడైన సంఘమువారే సంజాయిషీ కోరగా, వంగక ఘాటుగ బదులు చెప్పెను. జీవితమంతయు అభిప్రాయములు వ్రాసినవాడు ఆ దినమున ఒక ఉత్తరువు క్రింద సంతకము చేసి, దాని ఫలితమును తానే మోసెను.

1872లో గ్రాంట్ అధ్యక్షుని పరిపాలనలోని అవినీతికి, పక్షపాత నియామకములకు విసిగిన రిపబ్లికనులు వేరుపడి సిన్సినాటిలో సమావేశమైరి. ఉద్యోగ నియామకముల సంస్కరణ వారి కోరికలలో ముఖ్యమైనది. వారు గ్రీలీని అభ్యర్థిగ ఎన్నుకొనిరి. ముప్పదియేండ్లు ఆయన చేత తిట్లుతిన్న డెమోక్రాటులును గ్రాంట్‌ను ఓడింపవలెనను పట్టుదలతో ఆయననే అంగీకరించిరి. ఉత్తర దక్షిణములు పగ మరచి చేతులు కలుపవలెనని ఆయన ఊరూర ప్రసంగించెను. కాని ఆయన పాత వ్రాతలే ఆయనకు శత్రువులయ్యెను. డెమోక్రాటులను గూర్చి ట్రిబ్యూన్‌లో వ్రాసిన ప్రతి కఠినవాక్యమును ప్రత్యర్థులు వెదకి తీసిరి. థామస్ నాస్ట్ అను చిత్రకారుడు హార్పర్స్ వీక్లీలో వారము వారము ఆయనను క్రూరముగ పరిహసించు వ్యంగ్య చిత్రములు వేసెను. పదవికి పోటీచేయుచున్నానో, చెరసాలకు పోవుచున్నానో తెలియకున్నదని గ్రీలీ వాపోయెను.

ఎన్నికకు ముందు భార్య జబ్బు ముదిరెను. ఆయన ప్రచారము విడిచి రాత్రింబగళ్లు పడక చెంత కూర్చుండెను. అక్టోబరు 30న ఆమె మరణించెను. నవంబరు 5న ఎన్నిక జరిగెను. గ్రాంట్‌కు సుమారు 36 లక్షల ఓట్లు, గ్రీలీకి 28 లక్షలు. గ్రీలీ గెలిచినవి ఆరు రాష్ట్రములు మాత్రమే. తిరిగి పత్రికకు పోగా అచట పగ్గములు అప్పటికే వైట్‌లా రీడ్ చేతికి పోయియుండెను. నిద్రలేదు, ఆహారము లేదు, బుద్ధి చెదరెను. నవంబరు 29న, 61వ యేట, ప్లెజంట్‌విల్ గ్రామమందలి వైద్యుని గృహమున ఆయన మరణించెను. అధ్యక్షుని విధ్యుక్తముగ ఎన్నుకొను నియోజకులు అప్పటికింకను సమావేశము కాలేదు. ఆయనకు రావలసిన 66 నియోజక ఓట్లలో 63 ఇతరులకు పోయెను. జార్జియావారు మూడు ఓట్లు మృతునికే వేయగా కాంగ్రెసు వానిని లెక్కింప నిరాకరించెను.

అంత్యక్రియలకు వేలకొలది జనము వచ్చిరి. పనివారు, పేదలు బారులుదీరి నగర భవనమున ఆయన భౌతిక కాయమును దర్శించిరి. ఆయనను ఓడించిన గ్రాంట్ అధ్యక్షుడును వచ్చి తలవంచి నిలిచెను. బ్రతికియున్నప్పుడు పీఠము ఆయన యొద్దకు రాలేదు. మరణించిన పిదప పీఠాధిపతియే ఆయన యొద్దకు వచ్చెను.

ఆయన స్థాపించిన పత్రిక 1924లో హెరాల్డ్ పత్రికతో కలిసి, 1966లో నిలిచిపోయెను. కొలరాడో రాష్ట్రమున ట్రిబ్యూన్ వ్యవసాయ విభాగ సంపాదకుని నాయకత్వమున 1870లో వెలసిన నగరము నేటికిని గ్రీలీ పేరు వహించుచున్నది. పక్షముల దయపై గాక, పరీక్షల ద్వారా ఉద్యోగులను నియమించు చట్టము అమెరికాలో 1883లో వచ్చెను. 1872 ఎన్నికలో ఓడిన కోరికలలో అదియు నొకటి. ఆయన గవర్నరు కాలేదు, సెనేటరు కాలేదు, అధ్యక్షుడు కాలేదు. ఆ పదవులు పొందిన వారిలో పలువురి పేర్లు నేడు చరిత్రకారులకే తెలియును. పేదవానికి భూమి, బానిసకు స్వేచ్ఛ, ఓడినవానికి న్యాయము అని ఆయన వ్రాసిన వ్రాతలు మాత్రము ఇతరుల సంతకములతోనైనను శాసనములై నిలిచినవి. వ్రాసినవాని పేరు క్రిందనుండక పోవచ్చును. వ్రాసినది మంచిదైనచో అది వ్యర్థము కాదు. గ్రీలీ ఈ మాటతో తృప్తిపడలేకపోయెను. మనము పడవచ్చును.